ఆరో వారం కట్టు

డ్రైవరుగారు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. వెన్నుపూస చివర చేసిన ఆపరేషను గాయానికి ఆయన భార్య కట్టు మారుస్తోంది. డాక్టరు చీటీలో ఆ జబ్బుని పైలోనిడల్ సైనస్ అని రాశాడు గానీ, ఆయన మాత్రం ఊరందరికీ నడుంనొప్పి అనే చెప్పుకున్నాడు. మొహం తలగడలో పెట్టుకున్న మనిషికి వెనకున్న భార్య మొహం కనబడదు కదా.

“అబ్బా! మెల్లగా. తోలు ఊడొచ్చేట్టుంది.”

“ఊడేది ప్లాస్టరు, తోలు కాదు. కదలకండి.”

“రోజూ మెల్లగానే తీస్తావుగా. ఇవాళేంటా విసురు?”

“ఆరు వారాలైంది. ఇవీ చేతులే, అలిసిపోతాయి.”

“ఆస్పత్రిలో నర్సమ్మకి చీటీ చూపించావా? ఏమంది?”

“నేను చెప్పిందంతా విని బాగానే మానుతోందంది. కండ అడుగు నుంచి పట్టుకుంటూ రావాలట. పైన తోలు ముందు మూసుకుపోతే లోపల మళ్ళీ చీము పడుతుందట. అందుకని ఇంకో మూడు వారాలు రోజూ ఇలా గుడ్డ పెట్టాల్సిందే.”

“ఇంకా మూడా! చచ్చాను. ముష్టి వెంట్రుకలు నాలుగు లోపలికి గుచ్చుకుపోయి ఎంత రాద్ధాంతం చేశాయో చూడు.”

“వెంట్రుకలదేముంది పాపం.”

“అంటే?”

“ఏం లేదు. కాస్త పక్కకి ఒత్తిగిలండి. ఆ, చాలు.”

“సిగ్గుతో చస్తున్నాననుకో. నీ చెయ్యి కాబట్టి సరిపోయింది. ఇంకొకళ్ళని నేను చూడనిస్తానా?”

“ఆ మాట ఆపరేషనుకి ముందే అన్నారు. నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనివ్వనని.”

“అన్నాను. ఇప్పుడూ అంటాను.”

“ఇవాళ ఆస్పత్రిలో ఆటో ఆయన కనబడ్డాడు.”

“ఏ ఆటో ఆయన?”

“అప్పుడే మర్చిపోయారా? వార్డులో మీ పక్క మంచం. అదే జబ్బు, అదే డాక్టరు, అదే రోజు ఆపరేషను.”

“ఓ, ఆయనా! ఎలా ఉన్నాడు పాపం? ఆయనా నాలాగే బోర్లా—”

“కూర్చున్నాడు.”

“ఏంటీ?”

“బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కాలు మీద కాలేసుకుని మరీ. ఆటో నడపడం మొదలుపెట్టి రెండు వారాలైందట.”

“ఒక్కొక్కరి ఒంటి తీరు ఒక్కొక్కటి.”

“ఒంటి తీరు కాదు. పక్క నుంచి కండ జరిపి, ఆ గుంట మూసేసి కుట్లేశారట. పదిహేను రోజులకి కుట్లిప్పేశారు. రోజూ పెళ్ళాం చేత గుడ్డ పెట్టించుకునే పని లేకుండా పోయింది.”

“నాది పెద్దదేమో. అందుకే...”

“నర్సమ్మనడిగాను.”

“ఏమని?”

“మా ఆయనకెందుకు కుట్లేయలేదని. ఫైలు తీసి చూపించింది. రెండు పద్ధతులూ మీకు చెప్పారట. డాక్టరు కుట్లేయించుకోమన్నాడట. వద్దు, తెరిచే ఉంచండని మీరే సంతకం పెట్టారట.”

“అబ్బా, నొప్పి. కాస్త ఆపు.”

“నేనింకా చెయ్యే వెయ్యలేదు.”

“అది కాదే...”

“పెట్టారా, లేదా?”

“తెరిచి ఉంచితే మళ్ళీ వచ్చే అవకాశం తక్కువన్నాడు డాక్టరు. కావాలంటే అడుగు.”

“అదీ అడిగాను. నిజమే. మరి ఆ నిజం నాకెందుకు చెప్పలేదు? వేరే దారే లేదన్నారు. రెండు నెలలు రోజూ కట్టు మార్చాలన్నారు. నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చారు కూడా.”

“ఆ ఏడుపు నిజమే.”

“సంతకం కింద తేదీ చూశాను. మా మేనేజరు నాకు సూపర్‌వైజరు ట్రైనింగు కాగితం ఇచ్చిన మర్నాడు.”

“ఏదో అలా కలిసొచ్చింది.”

“ఆ బట్టల కంపెనీలో పదకొండేళ్ళుగా చొక్కా కాలర్లు కుడుతున్నాను. మూడు నెలలు వేరే ఊళ్ళో ఉండి నేర్చుకొస్తే నలభై మిషన్లు నా చేతి కిందికొచ్చేవి. ఆ కాగితం మొదట మీకే చూపించాను. వెళ్ళు, నేనున్నాగా అన్నారు. నవ్వుతూ అన్నారు.”

“అన్నాను...”

“అని, తెల్లారగానే వెళ్ళి ఈ సంతకం పెట్టొచ్చారు.”

“వద్దని చెప్పడానికి నోరు రాలేదే.”

“నోరు రాకపోతే గాయం తెరిచి పెట్టించుకుంటారా? వద్దు అని ఒక్క మాట. ఒక్కటంటే ఒక్క మాట!”

“భయమేసింది. పెద్ద ఉద్యోగం, కొత్త మనుషులు. నేను చూస్తే పొద్దస్తమానం స్టీరింగు ముందు కూర్చునేవాణ్ణి. వెళ్తే మళ్ళీ నా దగ్గరికి వస్తావో రావో అని... తప్పే. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. కానీ నువ్వే చెప్పు, ఈ ఆరు వారాలూ రోజూ కబుర్లాడుకుంటూ ఎంత బాగున్నాం?”

“బాగున్నాం. అందుకే కడుపు రగిలిపోతోంది. నేను నిజంగానే బాగున్నాను.”

“అయితే ఇంకో మూడు వారాలు ఓర్చుకో. మానగానే నేనే వెళ్ళి మీ మేనేజరుతో మాట్లాడతాను. నా వల్లే ఆగిపోయిందని చెప్పి—”

“మీ వల్ల ఆగలేదు.”

“మరి?”

“మీరు ఆస్పత్రిలో సంతకం పెడుతున్న పొద్దున్నే నేను ఆ కాగితం తిరిగిచ్చేశాను. మా ఆయన్ని వదిలి మూడు నెలలు ఉండలేను సార్ అని. ఇంటికొచ్చి మీకు చెప్పి నవ్వుదామనుకున్నాను. ఈలోగా మీరు ఏడుపందుకున్నారు.”

“అంటే... నువ్వు అసలు వెళ్ళేదానివే కాదా?”

“కాదు. ఇవాళ ఆస్పత్రి నుంచి తిన్నగా కంపెనీకెళ్ళి, ఆ కాగితం మళ్ళీ అడిగి తెచ్చుకున్నాను. కొత్త బ్యాచికి రేపే ట్రైనింగు మొదలట. కట్టు అయిపోయింది, లేవండి. రేపటి నుంచి మీ కట్టు ఆస్పత్రిలో మారుస్తారు, తొమ్మిదింటికల్లా వెళ్ళి లైన్లో నిలబడాలి. నా బస్సు ఆరింటికే.”