ముక్కు మేస్త్రి ఇక ‘కానివ్వు’ అనరు

మధ్య కుర్చీలో కూర్చుని, ఇది ఎంతసేపు మాట్లాడుతుందో ఏమోనని అప్పుడే గడియారం వంక చూస్తున్న మా యజమాని గారికి, నాకంటే ముందు నుంచీ ఈ షెడ్డులో చేతులు నల్లగా చేసుకున్న పెద్దలకి, కారు బాగుచేయించుకోవడానికి వచ్చి చివరికి మా మనుషులైపోయిన మిత్రులకి, ముందు వరసలో రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటున్న మా వదినకి, మీరిచ్చిన పూలగుత్తిని ఎక్కడ పెట్టాలో తెలియక మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్న మా అన్నయ్యకి నమస్కారం. (నవ్వులు) నవ్వకండి, ఆయనకి చేతిలో స్పానర్ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నేనిక్కడ ఎలక్ట్రీషియన్ని. వైర్లు, బ్యాటరీలు, స్పార్కు నా పని. ట్యాంకు నుంచి ఇంజను దాకా పెట్రోలు నడిచే దారంతా అన్నయ్యది. మేం తోడబుట్టినవాళ్ళం కాదు. నేను చేరిన మొదటి రోజునే “ఏమ్మా వైర్లమ్మా, ఆ బ్యాటరీ అక్కడ పెట్టింది నువ్వేనా? కాలు తగిలి నేను చస్తే మీ వదినకి నువ్వు సమాధానం చెప్తావా?” అని కసిరి, ఆ కసురులోనే ఒక పేరూ ఒక వదినా రెండూ ఇచ్చేశారు కాబట్టి, నేను కూడా ఇక వేరే వరస ఏదీ ఆలోచించకుండా అన్నయ్యా అని పిలవడం మొదలుపెట్టాను.

ఆగిపోయిన కారుని ఎవరైనా లోపలికి తోసుకొస్తే, బానెట్ ఎత్తకముందే మా ఇద్దరికీ వాదన మొదలయ్యేది. కరెంటు అని నేను, పెట్రోలు అని ఆయన. ఓడినవాళ్ళు షెడ్డంతటికీ టీ పెట్టాలి. నా చేతి టీ బాగుంటుందని మీరంతా మెచ్చుకుంటారు గదా, అంత చెయ్యి తిరగడానికి కారణం ఇదీ. (నవ్వులు) ఆయన బానెట్ మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గాలి పీల్చి చెప్పేసేవారు. “ఇది పాత పెట్రోలమ్మా, ట్యాంకులో నెలల తరబడి నిలవుంది.” “కార్బొరేటర్ పొంగుతోంది.” “అసలు వాసనే రావట్లేదంటే పెట్రోలే రావట్లేదు, ఫిల్టర్ పూడుకుపోయింది చూడు.” అందుకే ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తా గారికి తప్ప ఎవరికీ గుర్తులేదు, అందరికీ ముక్కు మేస్త్రే. కోపం కూడా అక్కడే, ఆ ముక్కు మీదే ఉంటుంది. ఆయన చేత చీవాట్లు తిననివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు) చూశారా, యజమాని గారు కూడా ఎత్తలేదు.

ఇకపై నవ్వులాట మాటలు కావు. మా ఇద్దరి మధ్య ఇంకో కట్టుబాటు ఉంది. స్పార్కు వస్తోందో లేదో చూడాలంటే ప్లగ్గు వైరు ఊడదీసి, ఇంజను ఇనుముకి దగ్గరగా పట్టుకుని, ఎవరినైనా తాళం తిప్పమంటాం. చిటుక్కున నీలం నిప్పు దూకుతుంది. ఆ చుట్టుపక్కల ఎక్కడైనా పెట్రోలు కారుతూ ఉంటే ఆ కాస్త నిప్పు చాలు, మనిషి మిగలడు. అందుకని ముందు అన్నయ్య వచ్చి వాసన చూసి “కానివ్వు” అనాలి, ఆ తర్వాతే నేను వైరు పట్టుకోవాలి. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, ఆయనే పెట్టారు. నేను చేసిన ప్రతి స్పార్కూ ఆయన మాట మీద చేసిందే.

ఈ సభకి ముందు యజమాని గారు నన్ను పక్కకి పిలిచి, “వయసు రీత్యా విశ్రాంతి తీసుకుంటున్నారని చెప్పమ్మా, చాలు” అన్నారు. పెద్దమనసుతో అన్న మాటే. కానీ అన్నయ్య నిన్న నా దగ్గరికి వచ్చి, “వయసని చెప్పావంటే మధ్యలో లేచి వెళ్ళిపోతాను. జరిగింది జరిగినట్టు చెప్పు. కొత్తగా చేరినవాళ్ళు వినాలి” అన్నారు. అన్నంత పనీ చేసే మనిషి. యజమాని గారూ, మన్నించండి, నాకు ఆయన కూర్చుని ఉండటమే కావాలి.

అదిగో, కిటికీ పక్కన కూర్చున్న నర్సు గారు మీకందరికీ తెలుసు. ఇళ్ళకి వెళ్ళి మంచం పట్టినవాళ్ళకి కట్లు కడతారు. ఆవిడ చిన్న కారు చాలా పాతది, ఆవిడ చూసే రోగులకన్నా దానికే ఎక్కువ రోగాలు. ఆ కారు పోతూ పోతూ దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. కాసేపు ఊరుకుంటే మళ్ళీ స్టార్టవుతుంది. స్పార్కుకి కరెంటిచ్చే కాయిల్ వేడెక్కినా ఇలాగే చేస్తుంది, పెట్రోలు సరిగ్గా అందకపోయినా ఇలాగే చేస్తుంది. కరెంటే అన్నాను నేను. అన్నయ్య వంగి చూసి, “సరే, కరెంటే అనుకో” అని టీ పెట్టడానికి వెళ్ళిపోయారు. ఆ మధ్య ఆయన తరచూ అలాగే ఓడిపోతున్నారు, వాదించడమే మానేశారు. నా పని బాగుపడిందని నేను మురిసిపోయాను.

కాయిల్ మార్చాను. వారం తిరక్కముందే కారు మళ్ళీ వచ్చింది. ఈసారి పెద్ద రోడ్డు మధ్యలో ఆగిందట, వెనకాల లారీ, కారులో నర్సు గారి అమ్మగారు. ఇద్దరూ బెదిరిపోయి ఉన్నారు. అసలు స్పార్కే రావడం లేదేమో చూద్దామని నేను ప్లగ్గు వైరు ఊడదీశాను. నాకు ఆ రోజు జలుబు, ముక్కులు పూర్తిగా మూసుకుపోయాయి. అన్నయ్య వచ్చారు, వంగారు, కళ్ళు మూసుకున్నారు, “కానివ్వు” అన్నారు. నేను వైరు పట్టుకున్నాను. నర్సు గారి చెయ్యి తాళం మీద ఉంది.

అప్పుడు బయట నిలబడి ఉన్న అమ్మగారు, “ఆగండి, ఆగండి! ఇంత పెట్రోలు కంపు కొడుతుంటే ఏం చేస్తున్నారమ్మా మీరు?” అని కేక పెట్టారు.

(అమ్మగారి వైపు తిరిగి)

అమ్మగారూ, ఆ రోజు మీకు సరిగ్గా దణ్ణం కూడా పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను.

ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు ఇంజను దగ్గర మడతలో పగిలింది. కారు నడిచేటప్పుడు ఆ పగులులోంచి గాలి పీల్చుకుంటోంది, అందుకే పెట్రోలు అందక ఆగిపోతోంది. ఆగాక అందులోంచే పెట్రోలు కారుతోంది. పైపు కింద ఇనుమంతా తడి. అన్నయ్య ఆ తడిని వేలితో తుడిచి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ. నాకు అప్పటికి ఎంత ప్రమాదం తప్పిందో అన్న భయం కూడా ఇంకా పట్టలేదు, ఆయన మొహం చూశాక పట్టింది. ఆ వేలు ముక్కుకి ఆనించుకుని, చిన్నపిల్లాడిలా నా వైపు చూసి, “నాకేం తెలియడం లేదే వైర్లమ్మా” అన్నారు.

ఆ మధ్య వచ్చిన జ్వరం తర్వాత ఆయనకి వాసన పోయింది. ఇంట్లో కూర మాడి కంపు కొడుతున్నా వంటగదిలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారట. వదిన పట్టేసింది. షెడ్డులో చెప్పెయ్యమని పోరింది. ఈయన రేపు మాపు అంటూ నీళ్ళు నమిలారు. వదినా, ఎందుకు మీరు ముందే వచ్చి మాకు చెప్పలేదని ఎవరూ అడగరు, తలదించుకోకండి. ముక్కు మేస్త్రి అని ఊరంతా పిలుస్తుంటే, ఆ ముక్కు పోయిందని తన నోటితో చెప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అలాగని తప్పు తప్పు కాకుండా పోదు. అన్నయ్యా, ఆ రోజు నీ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళి నా పిల్లల్ని చూశాక ఇంకా ఎక్కువైంది. నిజం చెప్పమన్నావు, చెబుతున్నాను.

మర్నాడు ఆయన యజమాని గారి గదిలోకి వెళ్ళి పని మానేస్తానన్నారు. యజమాని గారు ఎంతో నచ్చచెప్పారు. కుర్చీ వేస్తాం, కూర్చుని పని చెప్పండి చాలు, వాసన ఇంకెవరైనా చూస్తారు అన్నారు. అన్నయ్య వినలేదు. “అలవాటు కొద్దీ ఏదో ఒక రోజు నోరు జారి కానివ్వు అంటాను సార్. నా మాట విని ఎవరో నిప్పు ముట్టిస్తారు. ఆ మాట ఇక ఈ షెడ్డులో నా నోట రాకూడదు” అన్నారు. నా కోపం అక్కడ దిగిపోయింది. ఏడుపు మాత్రం ఇంకా ఆగలేదు, మీరే చూస్తున్నారు.

కానీ నర్సు గారి కారు బాగుచెయ్యకుండా వెళ్ళనన్నారు. ట్యాంకు దింపి తుప్పు కడిగారు, పాత పైపులన్నీ తీసేసి కొత్తవి వేశారు, ప్రతి క్లిప్పూ తన చేత్తోనే బిగించారు. చివర స్పార్కు చూడాలి. “నువ్వు చూడమ్మా” అన్నారు. నేను వంగి వాసన చూశాను. ఏమీ లేదు. లేదని తెలుసు, కానీ ‘కానివ్వు’ అనలేకపోయాను. ఇన్నేళ్ళు విన్న మాటేగానీ అన్న మాట కాదది.

ఇంతలో ఆయన నా చేతిలోంచి ప్లగ్గు వైరు లాక్కుని, ఇంజను మీదికి వంగి తనే పట్టుకున్నారు. “నువ్వెందుకన్నయ్యా, ఇలా ఇయ్యి” అన్నాను. “నిప్పు దగ్గర ఎవరున్నారో తెలిస్తేనే వాసన సరిగ్గా చూస్తారే” అన్నారు. “ఇన్నేళ్ళూ అక్కడ నువ్వుండేదానివి. నేను నిన్ను చూసుకునే కానివ్వు అనేవాణ్ణి.”

నేను మళ్ళీ మొదటి నుంచీ చూశాను. ట్యాంకు, పైపు, పంపు, కార్బొరేటర్, ప్రతి క్లిప్పు దగ్గరా ఆగి చూశాను. ఆయన మొహం ఇంజనుకి బెత్తెడు దూరంలో ఉంది. అప్పుడు కానివ్వు అన్నాను.

నీలం నిప్పు దూకింది. ఇంకేమీ జరగలేదు. అన్నయ్యా, ఇంకేమీ జరగకుండా ఇన్నేళ్ళు నన్ను రోజూ సాయంత్రం నా పిల్లల దగ్గరికి పంపించింది నువ్వు.

ఇంతసేపు విన్న పెద్దలకి, చెప్పనిచ్చిన యజమాని గారికి, ఆ రోజు కేక వేసిన అమ్మగారికి, మా అన్నయ్యని రోజూ మాకు అప్పు ఇచ్చిన వదినకి కృతజ్ఞతలు చెప్పుకుంటూ, సెలవు.