రెండవ ఈసీజీ: డాక్టర్ స్టెల్లా గారి పదవీ విరమణ వేళ

1976 జూన్ 14న మన ఆసుపత్రి హృద్రోగ విభాగంలో సహాయ వైద్యురాలిగా చేరిన డాక్టర్ స్టెల్లా గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈసీజీ తప్ప మరొక ఆధారం లేని కాలంలో వృత్తిని ఆరంభించిన వారు, 1991లో ఎకో యంత్రాన్ని, తదుపరి ట్రెడ్‌మిల్‌ను నెలకొల్పి, శరీరంపై గాటు పడకుండానే గుండె స్థితిని గ్రహించే పరీక్షలకు ఇక్కడ పునాది వేశారు.

వారి ఉద్యోగ జీవితాన్ని రెండుగా చీల్చిన సంఘటన 1994 వేసవిలో జరిగింది. కొల్లేటి ప్రాంతానికి చెందిన పెద్దబ్బాయి అనే చేపల వ్యాపారి తన వ్యాను మరమ్మతుకై ఆటోనగర్ వచ్చి, ఛాతీ నొప్పితో మన అత్యవసర విభాగంలో చేరాడు. ఈసీజీలో దోషమేమీ కనిపించలేదు. డ్యూటీ వైద్యుడు నార్మలని చెప్పి, గ్యాస్ మాత్ర ఇచ్చి పంపాడు. ఇంటిదారిలో గన్నవరం దాటకముందే వ్యాను వెనుదిరిగింది, వచ్చినది శవం.

ప్రయోగశాల బాధ్యుడిగా నేను ఆ వరండాలోనే ఉన్నాను. పరిపాలనాధికారి వెంకటకృష్ణారావు గారు స్టెల్లా గారిని పక్కకు పిలిచారు.

"దేవుడి పిలుపని చెప్పండమ్మా. మీరు చెబితే అతని బంధువులు నమ్ముతారు. లేకపోతే మన అద్దాలు మిగలవు."

"దేవుడి మీదకి నెట్టనండీ. పంపింది మనం."

ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే విశ్వాసి ఇచ్చిన సమాధానమది. అంతటి నిక్కచ్చితనాన్ని నేను హేతువాద సభల్లోనూ అరుదుగా చూశాను.

మృతుని భార్య కొండలమ్మ స్టెల్లా గారి చేయి పట్టుకుంది. "నార్మలన్నారు గదమ్మా! బిళ్ళ కూడా మింగించారు. మరి లేవడేంటి ఈయన?"

"తప్పు మాదేనమ్మా. గుండెపోటు మొదట్లో ఈసీజీలో కనపడకపోవచ్చు. ఉంచుకుని మళ్ళీ తీయాల్సింది."

"ఉండమంటే ఉండేవోళ్ళం గదమ్మా."

అద్దాలు పగిలాయి. ఆ ఏడు స్టెల్లా గారికి దక్కవలసిన విభాగాధిపత్యం మరొకరికి దక్కింది. పెద్దబ్బాయిని పంపేసిన యువవైద్యుని పేరును మాత్రం వారు ఎవరికీ చెప్పలేదు.

నాటినుంచి ఛాతీ నొప్పితో వచ్చిన ఎవ్వరినీ ఒక్క ఈసీజీతో ఇంటికి పంపరాదని వారు పట్టుబట్టారు. కొన్ని గంటలు ఆపి రెండవ ఈసీజీ, ఎకో, తరువాతి ఏళ్ళలో రక్తపరీక్ష. బంధువులు విసుక్కునేవారు: "ఒక్కసారికి తెలీదా? మీ మిషను మొద్దుదా ఏంటండీ?" స్టెల్లా గారు నవ్వేవారు: "మిషను చురుకైందేనండీ, జబ్బే దొంగది." ఆపినవారిలోనూ కొందరు మరణించారు, పరీక్ష చికిత్స కాదు. అయినా ఎందరో బతికి బయటపడ్డారు. వారిలో చాలామందికి ఆ ఆలస్యం మీద కోపమే మిగిలింది.

స్టెల్లా గారూ, మీకు ఆయురారోగ్యాలు ఇమ్మని వేడుకోవడానికి నాకు దేవుడు లేడు. కనుక మిమ్మల్నే వేడుకుంటున్నాను: సుదీర్ఘకాలం ఆరోగ్యంగా జీవించండి. ఏనాడైనా ఛాతీ బరువెక్కితే గ్యాస్ అనుకోకండి. మీపై గౌరవంతో మన కుర్రవైద్యులు తొలి ఈసీజీ చూసి, "ఏమీ లేదు మేడమ్, ఇంటికి వెళ్ళండి" అంటే, వెళ్ళకండి.