చిన్నవాడికి ఉరి వెయ్యరన్నారు

ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో ఒక ఇంటి గుమ్మం. లోపల, కత్తిపోటుకు కొడుకు పోయిన గులందాం. బయట, ఆ హత్యకు ఉరిశిక్ష పడ్డ కుర్రాడి తల్లి మాహ్‌రుఖ్.

“మళ్లీ వచ్చావా మాహ్‌రుఖ్?”

“రాక ఎక్కడికి పోనక్కా? బుధవారం తెల్లారేలోగా నువ్వు క్షమించానంటేనే గదా నా పూయా బతికేది! పదహారేళ్లవాడు, మీసం కూడా రాలేదు...”

“పదిహేను దాటితే మగాడేనన్నాడుగా జడ్జి.”

“అన్నాడు. మాకేం తెలుసు? పిల్లలకి ఉరి వెయ్యరనుకుని...”

“అనుకుని?”

“ఏం లేదు. ఏదో వాగాను.”

“పూయా మా వాకిట్లోనే ఆడుకుని పెరిగాడు. కోడిని కోస్తుంటే మంచం కిందకి దూరేవాడు. అలాంటివాడు నా అర్మాన్‌ని పొడిచాడా?”

“కోపమొచ్చిందక్కా. ఆ పాడు మోటార్‌సైకిల్ గొడవలో...”

“మోటార్‌సైకిల్ మీ పెద్దాడిది గదా?”

“అవును... అయితే ఏంటి?”

“ఫర్షీద్ ఏడి? తమ్ముడి ప్రాణం పోతుంటే నా కాళ్లు పట్టుకోడానికి వాడొక్కసారీ రాలేదే?”

“సిగ్గక్కా వాడికి.”

“సిగ్గా, భయమా?”

“నన్నేమీ అడక్కక్కా, నీకు దణ్ణం పెడతా!”

“అడుగుతా. నిజం చెప్పు, ఇప్పుడే కోర్టుకొచ్చి పూయాని క్షమించానని వేలిముద్ర వేస్తా. అబద్ధమాడావో, బుధవారం ఉరికంబం దగ్గర వాడి కాళ్లకింద పీట నేనే లాగేస్తా, చచ్చినవాడి తల్లిగా ఆ హక్కు నాది.”

“ఒట్టా?”

“అర్మాన్ సమాధి మీద ఒట్టు.”

“పెద్దాడే పొడిచాడు. ఫర్షీదే. పోలీసులు వచ్చేలోగా కత్తి తీసి చిన్నాడి చేతిలో పెట్టింది నేను. వాడికి ఉరి పడదన్నారు అందరూ. కొన్నాళ్లు ఉండి వచ్చేస్తాడనుకున్నా. ‘అన్నని కాపాడు నాన్నా’ అన్నా. ‘సరేనమ్మా’ అన్నాడు, అంతే! ఇన్నాళ్లూ నోరు విప్పలేదు నా పిచ్చితండ్రి. నేనే చంపుకుంటున్నానక్కా వాణ్ణి, నేనే!”

“ఊరుకో. ఏడవకు.”

“వేలిముద్ర వేస్తావుగా?”

“మాటిచ్చాగా, వేస్తా. ఉండు, చాదోర్ కప్పుకొస్తా, కోర్టు మూసేలోపు పోదాం.”

“నీ కడుపు చల్లగుండ! నా బిడ్డని నాకిచ్చేశావు. ఈ జన్మకి నీ రుణం...”

“పూయాని తీసుకుపో. రేపట్నుంచి ఫర్షీద్ కోసం వద్దువుగాని.”