బోణీ చేసే చెయ్యి

ధర్మవరంలో పట్టుచీరల అంగడి యజమాని జ్వరమని మూడు రోజులు ఇంట్లోనే ఉండిపోయాడు. నాలుగోనాడు మధ్యాహ్నం వచ్చి గుమాస్తాను పిలిచాడు.

“ఏమప్పా, ఎదురంగడోళ్లు నిన్ను రమ్మన్నారంట?”

“అవునన్నా. జీతం పెంచి, వాచీ కూడా ఇస్తామన్నారు.”

“ఎప్పుడు పోతాండావు?”

“పోనన్నా.”

“నిరుడు నేనూ వాచీ ఇస్తానంటి. అయినా గిరాకీ వస్తే ఆవలిస్తాంటివి. ఈ మూడు దినాలు ఒక్కొక్కరికి నలభై చీరలు పరిచి చూపించినావంట. నీకేం పూనిందప్పా?”

గుమాస్తా తల వంచుకున్నాడు.

“పన్నెండేండ్లుగా పొద్దున తొలి చీర మీరే అమ్మేది. బోణీ ఇంకొకరి చేత చేయించిందే లేదు. జరమొచ్చిందని నన్ను చెయ్యమంటిరి. నా చెయ్యి ఇంత మంచిదని నాకే తెలీదన్నా!”

యజమాని తెప్పించుకున్న బొరుగుల ఉగ్గాని ప్లేటులోంచి మూడో మిరపకాయ బజ్జీ లేచింది. అది చూసి గుమాస్తా గొంతు తగ్గింది.

“జరం పూర్తిగా పోయినట్టుండాదే?”

“ఈ పొద్దుకు పోయిందిలే,” బజ్జీ నములుతూ అన్నాడు యజమాని. “రేపు పొద్దున మళ్లా వస్తాది. బోణీ నువ్వే చెయ్యి.”