పదకొండో పేరు దగ్గర ఆగిన టీము

చోడవరం గ్రౌండులో ఇన్నేళ్లూ ఆడినవాళ్లందరిలోంచి పదకొండుమందిని ఏరి సాయంత్రంలోగా వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పాత కెప్టెన్ ఫెలిక్స్ పది పేర్లు రాసుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న భార్య శాలోమి ముందు కూర్చున్నాడు.

"పదకొండోది రాము."

"ఆడూ ఫాస్ట్ బౌలరే గదా బావా. ఇప్పటికే నలుగురున్నారు. స్పిన్నేసీవోడేడి?"

"పరదేశి ఏస్తాడు."

"పరదేశి కీపరు."

"సర్లే, దిలీప్ ఏస్తాడు."

"దిలీప్ బంతి తిప్పడం ఎప్పుడైనా సూసేవా? టీమంటే బేలన్సుండాలని పొద్దున్నుంచీ నువ్వే అంతన్నావు. స్పిన్నేసీవోడు కావాల, ఎడంచేత్తో కొట్టీవోడు కావాల. రెండూ ఒక్కడే సేస్తాడు."

"ఎవుడు?"

"తెలీనట్టు అడుగుతావేటి?"

"పేరు సెప్పు. నీ నోట ఇంతాను."

"ఉమామహేష్."

"అబ్బో, ఎంత మెత్తగా సెప్పేవే!"

"పేరు మెత్తగా సెప్పడమేటి? చిక్కుడుకాయలన్నట్టే అన్నాను."

"పొద్దున్నుంచీ ఇది నాలుగోసారి. లెక్కెట్టేను."

"నీకు కుళ్ళు."

"అవును, కుళ్ళే! పెళ్ళయి పదమూడేళ్ళయింది. నేను కొట్టిన సిక్సు ఒక్కటి సెప్పు సూద్దాం."

"వడ్డాదోళ్ళ మీద కొట్టేవు గదా. బంతెళ్ళి చెరకుతోటలో పడింది."

"అది ఆడు కొట్టిందే!"

"అయ్యో."

"అయ్యోనంట! ఫైనల్ రోజున మాడుగులోళ్ళు హల్వా తెచ్చేరు. మొదటి ముక్క ఎవుడికెట్టేవు? నేను పక్కనే నిలబడున్నాను."

"ఆడికే పెట్టేను."

"ఎందుకెట్టేవు?"

"ఆకలేస్తాదని."

"నాకాకలెయ్యదేటి? పరుగెట్టి పరుగెట్టి సచ్చింది నేనైతే!"

"ఆ ఫైనల్ ఊసొద్దు బావా."

"ఎందుకొద్దు? అక్కడే తేలిపోతాది. స్కోరుబుక్కు రాసింది నువ్వే గదా. ఫెలిక్స్ నలభై రెండు, ఉమామహేష్ తొమ్మిది. ఆ హడావుడిలో నేను లెక్కెట్టుకోలేదు, ఇరవై కొట్టేనేమో అనుకున్నాను. మైకులో నలభై రెండనీసరికి నాకే ఒళ్ళు పులకరించింది! ఆ స్కోరు సూసేగదా నన్ను జిల్లా టీములోకి తీసుకున్నారు. తొమ్మిది కొట్టినోడికి ఆల్‌టైమ్ టీమేటి?"

"ఆడి పేరు రాసెయ్యి బావా."

"రాయను! ఆ మర్నాటి నుంచి ఆడు బ్యాటే ముట్టుకోలేదు. నా మీద ఏడుపు."

"అందుకే రాయమంతన్నాను."

"జాలా?"

"జాలి కాదు."

"మరేటి? ఇన్నేళ్ళూ నీ మనసులో ఆడే ఉన్నాడా? సెప్పెయ్యి. నేనేటీ అనను."

"ఉన్నాడు బావా. రోజూ ప్రార్థనలో ఉన్నాడు."

"ఒసే!"

"అరవకు, పక్కింట్లో ఇంతారు. అప్పుడు నేను పంతొమ్మిదేళ్ళ గుంటని. జిల్లా నుంచి సారొచ్చేరని, ఒక్కణ్ణే తీసుకుంతారని అందరూ అంతన్నారు. నిన్నే తీసుకోవాలని నాకు. పెన్సిలు నా సేతిలో ఉంది... ఆడు కొట్టిన ఐదు ఫోర్లూ నీ పేరు పక్కన రాసేసేను."