పడుగు మీద మూసిన గేటు

నా పేరు అంజనమ్మ. వయసు ముప్పై దాటి ఉంటుంది. మగ్గం నేస్తాను. కాపురం కర్నూలు మగ్గాల వీధి. మొగుడి పేరు నేను పలకను. పోలీసాయన బొజ్జన్న అని రాయించారు. అది సరే.

పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను, వీధి పొడవునా సాగదీసి గంజి పెడతాం. ఆరేదాకా దాన్ని కదపకూడదు. తడి మీద చుడితే పోగులన్నీ అతుక్కుపోతాయి, ఇక మగ్గానికి ఎక్కదు.

ఊరు రాజధాని అయినాక మా వీధికి అడ్డంగా మూడంతస్తుల ఆఫీసు మేడ కట్టారు. కట్టకముందు ఇంజనీరు గారు మా పని చూశారు. "మేడ స్తంభాల మీద నిలబడుతుంది, కింద మీ వీధి మీకే ఉంటుందమ్మా" అన్నారు. అన్నట్టే కింద పెద్ద నడవ వదిలారు. రెండు పక్కలా అరుగులు కట్టించారు. నీళ్లకు పోయే ఆడవాళ్లు అందులోనే నడిచేవారు. కోయిలకుంట్ల నుంచి అర్జీలతో వచ్చినవాళ్లు ఆ అరుగుల మీద సద్దిమూట విప్పుకునేవారు. మేము నీడన గంజి పెట్టుకునేవాళ్లం. అంత పెద్ద మేడ మమ్మల్ని పొమ్మనలేదని నాకు శానా సంతోషంగా ఉండేది.

ఇంజనీరు గారికి బదిలీ అయింది. కొత్త ఆఫీసరు వచ్చి నడవకు ఇనుప గేట్లు పెట్టించారు. వాటిని మూస్తారని మాకెవరూ చెప్పలేదు.

మార్చి పద్నాలుగు, సోమవారం. పొద్దున్నే నడవలోంచి పడుగు సాగదీశాం. సగం లోపల, సగం బయట. గంజి పెట్టడం అప్పుడే అయింది. పది గంటలకు ఆఫీసరు కారు దిగి గేటు మూయమన్నారు. బంట్రోతు గాబ్రియేలు మా దగ్గరకొచ్చాడు. రోజూ మా ఇంట్లో మజ్జిగ తాగే మనిషి.

"బొజ్జన్నా, పడుగు తీయప్పా. దొర చూస్తాండాడు."

"తడి ఉండాది గదప్పా. ఒక్క గంట ఓర్సుకో."

"నా చేతిలో ఏముండాది? మూయకుంటే నా నౌకరీ పోతాది."

గాబ్రియేలు గేటు లాగాడు. మా ఆయన భుజం ఆనించి ఆపాడు. ఇద్దరూ ఏడుపు మొహాలతోనే పెనుగులాడారు. నేను పడుగు పట్టుకుని ఉన్నాను. వదిలితే నేల పాలవుతుంది, అందుకే విడిపించడానికి పోలేకపోయాను. మా ఆయన గట్టిగా తోశాడు. గేటుకూ స్తంభానికీ మధ్య గాబ్రియేలు చెయ్యి నలిగింది. రక్తం పడుగు మీద పడింది. అప్పుడు వదిలేశాను.

నడవ ఆఫీసుదా, వీధిదా అని నన్నడిగారు. ఇంజనీరు గారు వీధిదన్నారు, ఆఫీసరు ఆఫీసుదన్నారు. నాకు ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ స్టేషన్లో మూటగట్టి పెట్టిన పడుగు మాదే. ముద్దయిపోయింది.

ఎవరు తోశారని అడిగారు. నిజమే చెప్పాలన్నారు. నా మొగుడే తోశాడు, నేను కళ్లారా చూశాను.

నేను చెప్పిన ఈ మాటతోనే ఆయనకు జైలు పడుతుందా అని పోలీసు అయ్యగారిని అడిగాను. అది వాంగ్మూలంలో రాసేది కాదన్నారు. రాయమన్నాను.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అబద్ధం లేదు.

అంజనమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
కర్నూలు, 16-3-1955