నజ్లా జుట్టు

ఈజిప్టులోని మన్సూరాలో పెళ్ళి వీడియోలు కూర్చే దుకాణం అది. పెళ్ళికూతురి మేనత్త, హజ్ చేసొచ్చినందుకు అందరూ ‘హాగ్గా’ అని పిలిచే పెద్దావిడ, పెన్‌డ్రైవ్‌ను బల్ల మీదకు విసిరింది.

“ఏమ్మా ఇంజనీరమ్మా, ఆడవాళ్ళ వేడుకలో ముసుగు లేకుండా ఆడిందంతా కోసేశానన్నావు. మా నజ్లా జుట్టు విరబోసుకుని ఇంకా గిరగిరా తిరుగుతోందే! సాయంత్రం దాని మామగారింట్లో మగవాళ్ళంతా కూర్చుని చూస్తారు.”

“మీరు చూపించిన చోటే కొయ్యమని కంప్యూటర్‌కి చెప్పాను, హాగ్గా. మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యకుండా, అంటే బొమ్మల్ని కొత్తగా తయారుచెయ్యకుండా, కోస్తే కత్తి అన్నిచోట్లా దిగదు. నిండు బొమ్మ ఎక్కడో ఒకటి ఉంటుంది. దాని వెనక వచ్చేవన్నీ ఏం మారిందో అంతవరకే చెబుతాయి. అందుకే కాస్త ముందున్న నిండు బొమ్మ దగ్గర తెగి, ఆట చివరి ముక్క మిగిలిపోయింది.”

“అయితే ఆ తర్వాత వచ్చే నిండు బొమ్మ దగ్గర కొయ్యి.”

“అప్పుడు మీ అమ్మగారు పిల్లకి ముసుగు కప్పి ముద్దు పెట్టుకునేది పోతుంది.”

“మా అమ్మ మంచం దిగింది ఆ ఒక్కసారే! అది పోవడానికి వీల్లేదు. ఇంత పెద్ద ఇంజనీరువి, ఇంకో దారి తెలీదా?”

“తెలుసు. ఆ చిన్న ముక్కని మాత్రం మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యొచ్చు. కానీ అక్కడ మసకబారుతుంది. బొమ్మలో చుక్క కూడా చెడనివ్వనని బయట బోర్డు పెట్టుకున్నదాన్ని.”

“ఓహో, నీ బోర్డు కోసం మా పిల్ల పరువు తీశావన్నమాట! మసకబారనీ.”

“చూసినవాళ్ళు నా పనితనం ఇంతేనా అంటారు.”

“అననీ. ఆ మగవాళ్ళ నోళ్ళకి ఏదో ఒకటి దొరకాలి కదా. మా పిల్ల జుట్టు కంటే నీ పనితనమే చవక.”